చేప కంటికి 28 రోజులు, నాకు 9 నెలలు

"చేపల ల్యాబులో జేఆర్‌ఎఫ్ వచ్చిందక్కా, అక్కడ రోజంతా ఏం చేస్తారు?" అని ఈ నెల్లో ఇద్దరు జూనియర్లు ఫోన్ చేశారు. జేఆర్‌ఎఫ్ అంటే కొత్తగా పరిశోధనలో చేరినవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్. ఇద్దరికీ చెప్పడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఫోన్లో తెమిలే సంగతి కాదు. పేపర్లలో "గాయం చేసిన నాలుగో రోజున కళ్లు సేకరించాం" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ ఒక్క వాక్యం నా చేత అయ్యేసరికి ఆరు నెలలు దాటింది. 28 రోజుల ఫలితం కంటితో చూసేసరికి తొమ్మిది నెలలు.

2023 జూలై 3, సోమవారం నాడు హైదరాబాద్‌లో చేరాను. ఏ సంస్థో అడగొద్దు. జీబ్రా చేప రెటీనాకి, అంటే కంటి వెనక వెలుగుని పట్టే పొరకి, దెబ్బ తగిలితే మళ్లీ ఎలా పెరుగుతుందన్నది ప్రాజెక్టు. మొదటి రోజే ట్యాంకు ఫోటో తీసి ఇంటికి పంపాను. "ఇవేం చేపలే, పరిగెల్లో సగం లేవు. పులుసుకీ రావు, వేపుడుకీ రావు" అంది అమ్మ. మాది నరసాపురం వైపు. మా ఇంట్లో చేప గురించి ఎవరైనా మొదట అడిగేది ఆ మాటే.

మావయ్య ఒక్కడే వేరే మాట అడిగాడు. "బుజ్జమ్మా, వాటికి నిజంగానే కళ్లు మళ్లీ వస్తాయా?"

మావయ్యకి పదిహేనో ఏట రేచీకటి మొదలైంది. తాతయ్యది, అమ్మమ్మది మేనరికం. ముప్పై దాటేసరికి బండి నడపడం మానేశాడు. ఇప్పుడు నలభై ఆరు. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మాత్రమే కనిపిస్తుంది, పక్కనున్నవేవీ ఆనవు. రెటినైటిస్ పిగ్మెంటోసా అని డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు. నేను ఈ ల్యాబుకే దరఖాస్తు పెట్టడానికి కారణం ఆయనేనని ఇంటర్వ్యూలో చెప్పలేదు. చెబితే కళ్లనీళ్ల కథ అనుకుంటారని భయం.

చేరగానే చేప కన్ను ముట్టుకోనివ్వరు. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన పత్రంలో ఎవరెవరి పేర్లున్నాయో వాళ్లే చేపల మీద ప్రయోగం చేయాలి. నా పేరు చేర్చమని మా ల్యాబు నడిపే మేడం జూలై మొదటి వారంలోనే రాశారు. కమిటీ కూర్చుని, సంతకాలై, కాగితం చేతికొచ్చింది ఆగస్టు 21న. ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ ఫిష్ రూమే నా లోకం.

ఫిష్ రూమంటే 28.5 డిగ్రీల గది, ఎప్పుడూ ఉక్కపోతే. పద్నాలుగు గంటలు వెలుగు, పది గంటలు చీకటి. పొద్దున 8కి లైట్లు వెలుగుతాయి, రాత్రి 10కి ఆరిపోతాయి. రోజుకి రెండుసార్లు ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల మేత. ఉప్పునీళ్లలో గుడ్లు వేసి, గాలి బుడగలు పెట్టి, మర్నాడు పొదిగిన పిల్లల్ని జల్లెడ పట్టి చేపలకి పోయాలి. ఆ వాసన గ్లవ్స్ తీసినా పోదు, తలంటుకున్నా పోదు. పీజీ హాస్టల్లో నా రూమ్మేట్ వారం రోజులు ఊరుకుని, ఆ తర్వాత "నీ టవల్ బయట ఆరేసుకో" అంది. ఆదివారం డ్యూటీ కొత్తగా చేరినవాళ్లకే పడుతుంది, దానికి ముందే సిద్ధపడండి.

ఫిష్ రూమ్ చూసుకునే అన్న ఒకరోజు నవ్వుతూ చెప్పాడు, ఇవి ఫారిన్ రిటర్న్ చేపలని. నిజమే. గంగా, బ్రహ్మపుత్ర పరిసరాల్లోని వాగుల్లో, పొలాల పక్క నీళ్లలో తిరిగే చేపలివి. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే ఆయన అక్వేరియం దుకాణాల్లో దొరికే వీటిని తెచ్చి పరిశోధనకి అలవాటు చేశాడు. 1981లో ఆయన పేపర్ వచ్చాక ప్రపంచమంతా వీటి వెంట పడింది. ఇప్పుడు ఏబీ, ట్యూబింగెన్ అని పరాయి జాతుల పేర్లు తగిలించుకుని మన దగ్గరికే తిరిగొచ్చాయి.

ఆ ఏడు వారాల్లో నాకు దక్కిన సుఖం గుడ్లు చూడటం. రాత్రి మగ, ఆడ చేపల మధ్య అడ్డుపలక పెట్టి, పొద్దున లైటు వెలగగానే తీసేస్తే అరగంటలో గుడ్లు పెడతాయి. గుడ్డు అద్దంలా ఉంటుంది, లోపల జరిగేదంతా కనిపిస్తుంది. 24 గంటలకి తల పక్కన కన్ను చిన్న గిన్నెలా తయారవుతుంది. నల్లరంగు పట్టకముందే ఆ వేళకి నీళ్లలో పీటీయూ అనే రసాయనం కలిపితే కన్ను పారదర్శకంగానే ఉండిపోతుంది. నేను రెండో రోజు రాత్రి పదకొండుదాకా మైక్రోస్కోపు దగ్గరే కూర్చున్నాను. ఒకే రకంగా కనిపించే కణాలు మూడు పొరలుగా సర్దుకోవడం అప్పుడే తెలుస్తుంది. అయిదో రోజుకి పిల్ల చుట్టూ గీతల డ్రమ్ము తిప్పితే దాని కళ్లు గీతల వెంట తిరిగి, టక్కున వెనక్కొచ్చి, మళ్లీ తిరుగుతాయి. బస్సు కిటికీలోంచి కరెంటు స్తంభాలు చూసేవాడి కళ్లలాగా. అయిదు రోజుల ప్రాణం, చీమంత కూడా లేదు, చూస్తోంది! ఆ వీడియో మావయ్యకి పంపాను. ఏమీ అనలేదు, బొటనవేలు పెట్టాడు.

ఆగస్టు 28న మొదటిసారి సూది పట్టుకున్నాను.

పద్ధతి కొత్తదేం కాదు. మిషిగన్‌లో డేనియల్ గోల్డ్‌మన్ ల్యాబువాళ్లు వాడిందే. మన దేశంలో మొహాలీ ఐసర్ అనే సైన్సు సంస్థలో రాజేష్ రామచంద్రన్ ల్యాబు ఏళ్ల తరబడి ఈ రెటీనా మీదే పనిచేస్తోంది. చేపకి ట్రైకేన్‌తో మత్తిస్తారు. మొప్పలు కొట్టుకోవడం నెమ్మదించాక, తడి స్పాంజిలో గాడి చేసి పక్కకి పడుకోబెడతారు. ఫోర్సెప్స్‌తో కుడి కన్ను గుంటలోంచి కొంచెం, కొంచెమే, బయటికి లాగి, వెనకవైపు నుంచి 30 గేజి సూదితో నాలుగు చోట్ల గుచ్చాలి. సూది మొనకున్న ఏటవాలు కోత ఎంత పొడవుందో అంతే దిగాలి. ఎడమ కన్ను ముట్టకూడదు, పోల్చుకోవడానికి అదే ఆధారం. అంతా ఒక నిమిషంలో అయిపోవాలి.

బూడిద రాసి పొలుసు తీసే ఇంట్లో పుట్టాను. బతికున్న కొర్రమీనుని బండకేసి కొట్టడం చిన్నప్పుడే చూశాను. అయినా ఆ రోజు నా చెయ్యి వణికింది. తినడానికి చంపడం వేరు, బతకాలని గుచ్చడం వేరు అని ఎవరూ చెప్పలేదు. సీనియర్ అక్క వెనకనుంచి, "దాని ముఖం చూడకు, సూది మొన చూడు" అంది. చూశాను. రక్తం చుక్క వచ్చింది.

ఆ పూట 12 చేపల్ని గుచ్చాను. సాయంత్రానికి 5 చచ్చిపోయాయి. ఎందుకో తెలియక రాత్రంతా నిద్రలేదు. మర్నాడు అక్క నా సీసా తీసి పీహెచ్ చూసింది. ట్రైకేన్ పొడి నీళ్లలో కలిపితే ఆమ్లం అవుతుంది. ట్రిస్ కలిపి 7కి తేవాలి. నేను లీటరుకి 168 మిల్లీగ్రాములన్న లెక్క కచ్చితంగా వేసి, పీహెచ్ సరిచేయడం మరిచిపోయాను. వాటిని చంపింది సూది కాదు, నా మతిమరుపు. రిజిస్టరులో చనిపోయిన చేపల గడిలో ఆ అంకె వేసి కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టేటప్పుడు పెన్ను సరిగ్గా సాగలేదు.

బతికిన ఏడింటి కళ్లు సెప్టెంబరు 1న తీశాను. అసలు కష్టాలు అక్కణ్నుంచి మొదలు.

కన్నుని పాడవకుండా రాత్రంతా పీఎఫ్‌ఏ అనే రసాయనంలో ఉంచి, చక్కెర ద్రావణాల్లో నానబెట్టి, ఓసీటీ జిగురులో గడ్డకట్టించి, క్రయోస్టాట్ అనే, గడ్డకట్టే చలిలో కోసే యంత్రంలో 12 మైక్రాన్ల మందాన పొరలు కొయ్యాలి. వెంట్రుక మందంలో ఆరో వంతో ఏడో వంతో అనుకోండి. నా మొదటి పొర చిరిగింది. రెండోదీ చిరిగింది. ఏ పొర చూసినా నడిమధ్య గుండ్రటి బొక్క, దాని చుట్టూ రెటీనా పీలికలు. మూడు వారాలు బ్లేడు మార్చాను, చలి డిగ్రీలు మార్చాను, చక్కెర ఎక్కువ నానబెట్టాను. సెప్టెంబరు ఆఖర్న అక్క పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న వేసింది:

"చేపల పులుసులో తలకాయ తింటావా?"

"తింటాను."

"కన్ను నమిలితే పంటికింద తెల్లగా, గట్టిగా ఒక గుండు తగులుతుంది కదా. ఏం చేస్తావ్?"

"ఉమ్మేస్తాను."

"అదే లెన్సు. ఇక్కడా ఉమ్మెయ్యి."

పెద్ద చేప లెన్సు రాయిలా ఉంటుంది. బ్లేడు దానికి తగిలి, అది దొర్లి, చుట్టూ ఉన్న మెత్తటి రెటీనాని లాక్కుపోతోంది. జిగురులో పెట్టకముందే కంటి ముందు భాగం కోసి లెన్సు తీసేస్తే సరి. చిన్నప్పటినుంచి కంచం పక్కన ఉమ్మేసిన వస్తువు ఇక్కడ నాకు మూడు వారాలు తినేసింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జేఆర్‌ఎఫ్ 31,000 నుంచి 37,000కి పెంచిన ఉత్తర్వు నేను చేరడానికి వారం ముందే, జూన్ 2023లో వచ్చింది. మా ప్రాజెక్టు మంజూరు మాత్రం పాత లెక్క మీద ఉంది. పాత లెక్కైనా నెలనెలా వస్తే బాగుండేది. జూలైలో చేరితే మొదటి డబ్బులు నవంబరు 10న, దీపావళికి రెండు రోజుల ముందు పడ్డాయి. నాలుగు నెలలు పీజీ అద్దె 7,500 చొప్పున నాన్న పంపాడు. ఉద్యోగం వచ్చిందని ఊరంతా చెప్పుకున్న నాన్న! జీతం ఆలస్యమవుతోందని నేను చెప్పిన ప్రతిసారీ "పర్లేదులే" అనేవాడు, అది వినడమే కష్టం. పెంచిన తేడా బకాయి ఇంకా రాలేదు. చేరేటప్పుడు కనీసం నాలుగు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి.

అక్టోబరు మూడు వారాలు గుడ్లు రాలేదు. ఒక్కటి కూడా. చేపపిల్లల మీద పనిచేసే అబ్బాయి నీళ్లని అనుమానించాడు, మేతని అనుమానించాడు, చివరికి నన్ను అనుమానించాడు. ఒక సాయంత్రం మర్చిపోయిన ఐడీ కార్డు కోసం ఏడున్నరకి ఫిష్ రూమ్‌కి వెళ్తే లోపల కటిక చీకటి. పదింటిదాకా వెలగాల్సిన లైట్లవి. ఆ నెల మొదట్లో కరెంటు పోయి రాత్రి తొమ్మిదికి వచ్చింది. రాగానే టైమరు గడియారం సున్నా నుంచి మొదలైంది. దాని లెక్కలో పొద్దున 8 అంటే అసలు తెల్లవారుజామున 5. చేపలు అయిదింటికే లేచి, అడ్డుపలకకి అటొకటి ఇటొకటి ఎదురుచూసి, మేము ఎనిమిదింటికి పలక తీసేసరికి పెళ్లి ముహూర్తం దాటిపోయేది. ఇప్పుడు టైమరు పక్కనే మామూలు గోడ గడియారం ఒకటి వేలాడదీశాం. 180 రూపాయలు.

ఇక యాంటీబాడీ. విభజన చెందుతున్న కణాల్ని పట్టుకోవడానికి చేప పొట్టలోకి బీఆర్‌డీయూ ఇంజక్షన్ ఇస్తాం, 20 మైక్రోలీటర్లు. ఆ వేళకి కొత్తగా డీఎన్‌ఏ తయారు చేసుకుంటున్న కణాలు దాన్ని లోపలికి తీసుకుంటాయి. తర్వాత యాంటీబాడీతో వాటికి ఎర్రరంగు పట్టిస్తాం. అక్టోబరు 10న ఆర్డరు పెట్టిన యాంటీబాడీ సీసా డిసెంబరు 14న వచ్చింది. 100 మైక్రోలీటర్లు, అంటే రెండు మూడు చుక్కలు, 46,000 రూపాయలు. పెట్టె విప్పితే ఐస్ ప్యాకులు గోరువెచ్చగా ఉన్నాయి. తెచ్చిన కొరియర్ వాళ్లు "సంతకం పెట్టండి మేడం" అంటారు తప్ప వేరే మాట లేదు. పెట్టాను. అదృష్టం, అది పనిచేసింది. పెట్టె విప్పేటప్పుడు ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత తగాదాకి అదొక్కటే సాక్ష్యం.

మధ్యలో సంక్రాంతికి ఇంటికెళ్లాను. మావయ్య ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "వాటికి కళ్లొచ్చాయా?" ఇంకా రాలేదన్నాను. "మావాళ్లెవరో పంపారు, అమెరికాలో ఇంజక్షన్ ఉందట" అని ఫోను చూపించాడు. లక్స్‌టర్నా. 2017లో అనుమతి వచ్చింది, ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు చెడినవాళ్లకే. మావయ్యకి చెడింది అది కాదు, పరీక్షలో ముందే తేలింది. ఆ మాట చెప్పడానికి అరిసె నమిలినంతసేపు తీసుకున్నాను.

తిరిగొచ్చి జనవరి 22, సోమవారం ఎనిమిది చేపల్ని గుచ్చాను. ఒక్కటీ చావలేదు. చెయ్యి కుదిరిందని నాకే తెలిసింది. కానీ నాలుగో రోజు లెక్క వేసుకోలేదు. జనవరి 26! క్యాంపసంతా జెండా, మిఠాయి, సెలవు. కణ విభజన ఉధృతంగా ఉండేది గాయమైన నాలుగో రోజునే, దానికి రిపబ్లిక్ డే తెలీదు. సెక్యూరిటీ దగ్గర లెటరు చూపించి లోపలికెళ్లి, ఇంజక్షన్ ఇచ్చి, మూడు గంటలు ఒంటరిగా కూర్చుని, కళ్లు తీశాను. సూది పట్టేముందు క్యాలెండరు చూడండి.

కన్‌ఫోకల్ మైక్రోస్కోపు స్లాటు పగలు దొరకదు. గంటకి 400 ల్యాబు లెక్కలో కట్టాలి. ఫిబ్రవరి 6, రాత్రి 9 నుంచి 11. ముందు ఎడమ కన్ను పెట్టాను. చీకటి. అలాగే ఉండాలి. తర్వాత కుడి కన్ను. ఫోకస్ తిప్పుతుంటే ఒకచోట మధ్య పొరలోంచి ఎర్రటి చుక్కలు, ఒకదానిమీద ఒకటి, నిలువుగా పేర్చినట్టు. సూది దిగిన చోట మాత్రమే. ముల్లర్ గ్లియా కణాలవి. మామూలుగా రెటీనాకి ఆసరాగా నిలబడే కణాలు. దెబ్బ తగిలితే చేపలో అవి వెనక్కి పసికణాల్లా మారి, విభజన చెంది, కొత్త నాడీకణాలకి జన్మనిస్తాయి. మన కంట్లోనూ అవే కణాలున్నాయి, దెబ్బ తగిలితే చాలావరకు మచ్చ కట్టి ఊరుకుంటాయి.

ఆ గదిలో ఎవరూ లేరు. నేను కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను, ఆకలేసింది.

మేడం పొద్దున చూసి, "గుడ్. ఇప్పుడు అవి ఏమవుతాయో చూపించు" అన్నారు. అంటే 28 రోజులు. ఫిబ్రవరి 12న గుచ్చి, 16న బీఆర్‌డీయూ ఇచ్చి, మార్చి 11 దాకా ఆగాలి. ఆ ట్యాంకు దగ్గరికి రోజుకి మూడుసార్లు వెళ్లి ఊరికే చూసేదాన్ని. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, రెండు కళ్లూ ఒకేలా మెరుస్తుంటాయి. పదో రోజున ఒక చేప గట్టు దూకి నేల మీద ఎండిపోయింది. మూత సరిగ్గా పెట్టనిది నేనే.

మార్చి 22న ఫలితం. బీఆర్‌డీయూ ఎరుపు మూడు పొరల్లోనూ ఉంది. హెచ్‌యూసీడీ అనే నాడీకణాల గుర్తుకి పచ్చరంగు వేశాం. ఎర్రటి కేంద్రకం చుట్టూ పచ్చటి అంచు కనబడితే, ఆ కణం గాయమయ్యాక పుట్టి నాడీకణంగా ఎదిగిందన్నమాట. ఆ చిన్న ముక్కలో అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. బయటి పొరలో కోన్లు, అంటే రంగుల్ని పట్టే కణాలు, కూడా వచ్చాయి, కానీ పక్కనున్న పాతవాటిలా బారులు తీరి లేవు. అతుకు వేసిన చోట నేత కలవనట్టు కాస్త చెదిరి ఉన్నాయి. చేప కూడా అచ్చం మునుపటిలా చేసుకోలేదు. దాని గురించి పేపర్లలో చదివాను గానీ, నా స్లైడు మీద చూశాకే నమ్మకం కుదిరింది.

ఏప్రిల్ 9, ఉగాది. మావయ్య ఫోన్. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. చేపకి వచ్చింది. ఎలుకలో, 2017లో సియాటిల్‌లో టామ్ రే ల్యాబువాళ్లు చేపలో పనిచేసే ఏఎస్‌సీఎల్1 జన్యువుని ముల్లర్ గ్లియాలో పనిచేయించి, ఒక మందు జోడించి కొన్ని కొత్త నాడీకణాలు రాబట్టారు, అవీ వెలుగుని పట్టే కణాలు కావు. ఒకవేళ రేపు మనిషిలో వచ్చినా, నీ కంట్లో పుట్టే కొత్త కణాలు కూడా ఆ చెడిన జన్యువుతోనే పుడతాయి మావయ్యా, ముందు దాన్ని సరిచేయాలి. నేను గుచ్చిన చేపలు పుట్టుకతో ఆరోగ్యమైనవి.

"అంటే అదే రాతతో మళ్లీ పుడతాయన్నమాట" అన్నాడు. కాసేపాగి, "ఆ ఫోటో ఏదో పంపు" అన్నాడు.

పంపాను. పావుగంటకి ఫోన్. "అంతా నల్లగా ఉందే. ఎరుపు ఏదో మసగ్గా ఉంది, నువ్వన్న పచ్చ కనపళ్లేదు."

చీకటి మీద మసక వెలుగు ఆయనకి ఆనదని నాకు తట్టనే లేదు. తొమ్మిది నెలలుగా రెటీనా మీద పనిచేస్తున్నదాన్ని! ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో రంగులు తీసేసి, తిరగేసి, తెల్ల కాగితం మీద సిరా చుక్కల్లా చేసి, ఆ పదకొండూ ఉన్న ముక్కని పెద్దది చేసి మళ్లీ పంపాను.

పొద్దున్నే మెసేజి వచ్చింది. "ఇప్పుడు కనబడ్డాయి. ఏడు ఉన్నాయి."